పిలాటిస్ చేస్తే ఒంట్లో బిగుతు ఎందుకు తగ్గుతుంది, ఎంతకాలానికి తగ్గుతుంది?

మీ ప్రశ్న ఇది: వయసు నలభై రెండు, రోజులో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు కూర్చునే పని. పొద్దున లేవగానే నడుము, తొడల వెనక భాగం పట్టేసినట్టు ఉంటుంది. రెండు నెలలుగా వారానికి రెండుసార్లు పిలాటిస్ (నెమ్మదిగా, అదుపుతో, ఊపిరి మీద ధ్యాస పెట్టి చేసే వ్యాయామ పద్ధతి) క్లాసుకి వెళ్తున్నారు. క్లాసు అయ్యాక ఒళ్లు తేలికపడుతుంది, మర్నాడు పొద్దున్నకి మళ్లీ మొదటికే వస్తుంది. "మీ ఫేసియా అతుక్కుపోయింది, పిలాటిస్ దాన్ని విడదీస్తుంది" అని ట్రైనర్ చెప్పారు. అది నిజమేనా, ఇలాగే కొనసాగించాలా, ఏమైనా మార్చాలా అని అడిగారు.

కొనసాగించండి. కానీ చేసే తీరులో కొన్ని మార్పులు కావాలి. నేను ఫిజియోథెరపిస్టుని, నడుము నొప్పి, భుజం నొప్పి ఉన్నవాళ్లకి చాలా ఏళ్లుగా పిలాటిస్ నేర్పిస్తున్నాను. మీరు చెప్పిన అనుభవం చాలామందిలో చూశాను. క్లాసు అవగానే వచ్చే తేలిక ఒక రకం మార్పు. నెలల మీద కణజాలంలోనే వచ్చే మార్పు ఇంకో రకం. మొదటిది నిమిషాల్లో వస్తుంది, గంటల్లో పోతుంది. రెండోది చాలా నెమ్మదిగా వస్తుంది కానీ నిలుస్తుంది. మీకు ఇప్పటిదాకా దక్కింది చాలావరకు మొదటిదే. రెండోది రావాలంటే సాగదీయడం ఒక్కటే చాలదు. ఒంటి మీద తగినంత బరువు పడాలి, అది నెమ్మదిగా, రకరకాల దిశల్లో పడాలి, మధ్యలో కోలుకునే సమయం ఉండాలి. పిలాటిస్‌లో ఇవన్నీ చేసుకునే వీలుంది. చాలా క్లాసుల్లో ఆ వీలుని వాడుకోవడం లేదు, అదీ అసలు సంగతి.

ముందు ఫేసియా అంటే ఏమిటో చూద్దాం. కండరాలు, ఎముకలు, నరాలు, అవయవాలు అన్నిటినీ చుట్టి, ఒకదానితో ఒకటి కలిపి ఉంచేది సంయోజక కణజాలం. టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపేవి), లిగమెంట్లు (ఎముకని ఎముకకి కలిపేవి), కీళ్ల చుట్టూ ఉండే సంచులు, చర్మం కింది పొరలు అన్నీ ఆ కుటుంబానివే. అందులో పొరలుగా పరుచుకుని ఉండే భాగాన్ని ఫేసియా అంటాం. కండరం మొత్తానికి ఒక తొడుగు, లోపల పోగుల కట్టలకి మరో తొడుగు, ఒక్కో పోగు చుట్టూ ఇంకా పలచని తొడుగు ఉంటాయి. అంటే కండరమూ ఫేసియా విడివిడిగా లేవు. "ఇది కండరాలకి, ఇది ఫేసియాకి" అని వ్యాయామాలని పంచిపెట్టడం కుదరదు. కండరం పనిచేసిన ప్రతిసారీ దాని తొడుగుల మీద కూడా లాగుడు పడుతుంది.

ఈ కణజాలంలో ప్రధానంగా ఉండేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. మన ఒంట్లోని మొత్తం ప్రోటీన్‌లో దాదాపు మూడో వంతు ఇదే. మూడు పోగులు పేనినట్టు ఉండే దీని నిర్మాణం వల్ల లాగుడుకి బాగా తట్టుకుంటుంది. దానితోపాటు సాగి తిరిగి వెనక్కి వచ్చే ఎలాస్టిన్ కొంత, వీటి మధ్య నీటిని పట్టి ఉంచే జెల్ లాంటి పదార్థం ఉంటాయి. వీటన్నిటినీ తయారుచేసేవి ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు. ఈ కణాలు కొల్లాజెన్ పోగుల్ని పట్టుకుని ఉంటాయి, పోగు మీద పడే లాగుడుని గుర్తిస్తాయి. లాగుడు పడుతూ ఉంటే కొత్త కొల్లాజెన్ తయారుచేస్తాయి. లాగుడు లేకపోతే ఆ పని తగ్గిస్తాయి. కాలికి కొన్ని వారాలు కట్టు వేసి తీసినవాళ్ల కీలు ఎలా బిగుసుకుపోతుందో మీరు చూసే ఉంటారు. కదలిక లేనప్పుడు జెల్‌లో నీరు తగ్గుతుంది, పోగుల మధ్య అక్కర్లేని ముడులు పడతాయి, వాటి అమరిక గజిబిజి అవుతుంది.

ఇక "అతుక్కుపోవడం" గురించి. పొరకీ పొరకీ మధ్య హయలురోనన్ అనే జారుడు పదార్థం పలచగా ఉంటుంది. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో కార్లా స్టెక్కో, ఆమె సహచరులు దీని మీద చాలా పని చేశారు. కదలిక తగ్గిన చోట ఈ పదార్థం చిక్కబడుతుందని, పొరలు ఒకదాని మీద ఒకటి సరిగా జారవని వాళ్ల వాదన. అమెరికాలో హెలీన్ లాంజెవిన్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. నడుము వెనక వెడల్పుగా పరుచుకుని థొరాకోలంబార్ ఫేసియా అనే మందమైన పొర ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తే, దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్నవాళ్లలో ఆ పొరల జారుడు మిగతావాళ్లకంటే సుమారు 20 శాతం తక్కువగా కనిపించింది. ఆ తగ్గుదల వల్లే నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల కదలక జారుడు తగ్గిందా అనేది ఈ ఒక్క అధ్యయనంతో తేలదు. కానీ మీ ట్రైనర్ మాటలో ఉన్న నిజం ఇదే. పొరల జారుడు తగ్గడం అనేది ఉంది.

నిజం కానిది "విడదీయడం" అనే భాగం. ఆపరేషన్ తర్వాత, పెద్ద గాయం తర్వాత, ఫ్రోజెన్ షోల్డర్‌లో (భుజం కీలు బిగుసుకుపోయే జబ్బు) పొరలు నిజంగానే అతుక్కుంటాయి, మచ్చ కణజాలం ఏర్పడుతుంది. కూర్చుని పనిచేసే మనిషికి పొద్దున వచ్చే బిగుతు అలాంటిది కాదు. చేతితో నొక్కితేనో, ఫోమ్ రోలర్ (గుండ్రటి గట్టి దిండు లాంటిది) మీద దొర్లితేనో దట్టమైన ఫేసియా సాగిపోతుందనుకోవడం కూడా సరికాదు. 2008లో చౌధ్రి బృందం గణిత నమూనాతో లెక్క కట్టి చూసింది. తొడ పక్కన ఉండే ఫేసియా లాటానీ, అరికాలి ఫేసియానీ ఒక్క శాతం మార్చాలన్నా మామూలు మనిషి చేతికి సాధ్యం కానంత బలం కావాలని తేలింది. తొడ పక్క భాగం రోజుకో గంట రోలర్ మీద నలగ్గొట్టుకుని కమిలిపోయిన చర్మంతో వచ్చేవాళ్లని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ నొప్పి భరించాల్సిన అవసరమే లేదు.

మరి క్లాసు అయ్యాక తేలిక ఎందుకు వస్తుంది? మూడు కారణాలు కలిసి వస్తాయి. ఒళ్లు వేడెక్కి, కదలికతో ఆ జారుడు పదార్థం కాస్త పలచబడుతుంది. నెమ్మదిగా ఊపిరి వదలడం, ఏకాగ్రతగా కదలడం వల్ల నాడీ వ్యవస్థ కండరాలకి ఇచ్చే "జాగ్రత్తగా పట్టి ఉంచు" అనే ఆదేశాన్ని సడలిస్తుంది. ఫేసియాలో నరాల చివరలు దండిగా ఉంటాయి కాబట్టి కదలిక వల్ల వచ్చే సమాచారం మెదడుకి బాగా చేరుతుంది. మూడోది, సాగినప్పుడు కలిగే ఆ లాగుడు భావనని మెదడు ప్రమాదంగా లెక్కవేయడం తగ్గిస్తుంది. సాగదీసే వ్యాయామాలు కొన్ని వారాలు చేసినవాళ్లలో ముందుకంటే ఎక్కువ వంగగలగడానికి ప్రధాన కారణం కండరం పొడవు పెరగడం కాదని, ఆ భావనని తట్టుకునే శక్తి పెరగడమని 2010లో వెప్లర్, మాగ్నుసన్ తమ సమీక్షలో చూపించారు. ఇవన్నీ నిజమైన లాభాలే, వీటిని తక్కువ చేయకండి. కానీ వీటి ఆయుష్షు తక్కువ. క్లాసు తర్వాత మళ్లీ ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుంటే ఒళ్లు ఆ కుర్చీకే సర్దుకుంటుంది.

కణజాలంలో మార్పుకి లెక్క వేరు. కోపెన్‌హాగెన్‌లో మైకేల్ కేర్, మాగ్నుసన్ తదితరులు టెండన్ల మీద చేసిన పనిని నేను నా విద్యార్థులకి తప్పకుండా చెబుతాను. గట్టి వ్యాయామం తర్వాత కొల్లాజెన్ తయారీ పెరుగుతుంది, విచ్ఛిన్నం కూడా పెరుగుతుంది. మొదటి 24 నుంచి 36 గంటల్లో విచ్ఛిన్నానిదే పైచేయి. ఆ తర్వాతే తయారీ పైచేయి అవుతుంది, అది 72 గంటల దాకా నడుస్తుంది. అంటే బరువైన సెషన్ చేసిన మర్నాడే మళ్లీ అదే చోట అంతే బరువు వేస్తే, కూడబెట్టుకోవాల్సిన సమయంలో ఖర్చు పెట్టినట్టే. వారానికి రెండు మూడు గట్టి సెషన్లు, మధ్యలో తేలికైన కదలిక ఉన్న రోజులు అనేది ఈ లెక్కకి సరిపోయే పద్ధతి. మీరు ఎంచుకున్న వారానికి రెండు అనేది మంచి సంఖ్యే.

ఓపిక ఎందుకు కావాలో చెప్పే పరిశోధన ఇంకొకటి ఉంది. 1950ల చివర, 1960ల మొదట్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 పెరిగింది. ఆ జాడ మనుషుల కణజాలాల్లో నిలిచిపోయింది. దాన్ని కొలిచి 2013లో హైనెమయర్ బృందం తేల్చిందేమిటంటే, మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ లోపలి భాగం సుమారు 17 ఏళ్ల వయసుకే తయారైపోతుంది, ఆ తర్వాత దాదాపు మారదు. కొత్తగా చేరేది, మారేది మిగతా భాగాల్లో, కండరం లోపలి తొడుగుల్లో. "ఆరు వారాల్లో కొత్త ఫేసియా" లాంటి ప్రకటనలు నమ్మకండి. టెండన్ గట్టిదనంలో కొలవదగ్గ మార్పు కోసం పరిశోధకులు సాధారణంగా 12 వారాలు, అంతకుమించి శిక్షణ ఇస్తారు. మీకు ఇంకా రెండు నెలలే అయింది.

ఇప్పుడు పిలాటిస్ ఇందులో ఎక్కడ సరిపోతుందో చూద్దాం. ఈ పద్ధతిని తయారుచేసిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలోని మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్లు ఆయన్ని ఐల్ ఆఫ్ మాన్ నిర్బంధ శిబిరంలో ఉంచారు. 1926లో న్యూయార్క్ చేరి అక్కడ స్టూడియో పెట్టాడు, 1967లో చనిపోయేదాకా అక్కడే నేర్పించాడు. తన పద్ధతిని ఆయన కంట్రాలజీ అని పిలిచేవాడు. ఫేసియా గురించి ఇప్పుడు తెలిసినవేవీ అప్పటికి తెలియవు. అయినా కదలికని అదుపులో ఉంచుకుని చేయాలని, వెన్నుని ఒక్కో పూసగా కదిలించాలని, వెళ్లేటప్పుడు ఎంత శ్రద్ధ ఉంటుందో తిరిగి వచ్చేటప్పుడూ అంతే ఉండాలని ఆయన పట్టుబట్టడం కణజాలానికి బాగా అక్కరకొచ్చే విషయాలు.

అన్నిటికన్నా విలువైనది ఆ తిరిగి రావడమే. రిఫార్మర్ అనేది స్ప్రింగులు బిగించిన పిలాటిస్ పరికరం, దాని మీద పడుకుని కాళ్లతో తోస్తే క్యారేజ్ (జరిగే పలక) దూరం వెళ్తుంది, స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగుతాయి. ఆ లాగుడుకి లొంగిపోకుండా ఆపుతూ, నెమ్మదిగా మోకాళ్లు వంచుతూ వెనక్కి రావాలి. అప్పుడు కండరం బలం వాడుతూనే పొడవు పెరుగుతుంటుంది. ఇలాంటి పనిని ఎక్సెంట్రిక్ అంటారు. కండరపు పోగు కట్టల పొడవు నిజంగా పెరిగేలా చేసేది ఇలాంటి శిక్షణే. తొడ వెనక కండరాల మీద జరిగిన పరిశోధనల్లో ఇది బాగా కనిపించింది. ఉత్తినే కాలు చాపి పట్టుకుని కూర్చోవడం కన్నా, బరువుని ఆపుతూ సాగడం కండరానికీ దాని తొడుగులకీ ఎక్కువ లాభం. క్లాసులో చాలామంది క్యారేజ్ ఠకీమని వచ్చి తగిలేలా వదిలేస్తారు. మీరూ అలా చేస్తుంటే వ్యాయామంలో సగం, అదీ మంచి సగం, వదులుకుంటున్నట్టు. బయటికి రెండు లెక్కలు, లోపలికి నాలుగు లెక్కలు పెట్టుకోండి. క్యారేజ్ చప్పుడు చేయకూడదు.

స్ప్రింగుల గురించి ఒక మాట. ఎక్కువ స్ప్రింగులు అంటే ఎప్పుడూ కష్టం ఎక్కువని కాదు. ఫుట్‌వర్క్‌లో (కాళ్లతో క్యారేజ్‌ని తోసే వ్యాయామం) స్ప్రింగు పెంచితే కాళ్లకి బరువు పెరుగుతుంది. కానీ క్యారేజ్ మీద మోకాళ్ల మీదో చేతుల మీదో ఉండి ఒంటిని నిలబెట్టుకునే వ్యాయామాల్లో స్ప్రింగు తగ్గితేనే కష్టం, ఎందుకంటే ఆధారం పోతుంది. రెండు నెలలుగా మీ ఫుట్‌వర్క్ అవే స్ప్రింగుల మీద నడుస్తుంటే పెంచమని ట్రైనర్ని అడగండి. చివరి రెండు మూడు సార్లు శ్రమగా అనిపించాలి, కానీ తీరు చెడకూడదు.

రెండో విలువ, దిశలు. ఫేసియా పోగులు ఒకే వైపు నడవవు, ఒకదానికొకటి అడ్డంగా, ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి. నడుము వెనక ఫేసియా ద్వారా ఒక వైపు వీపు పెద్ద కండరం నుంచి రెండో వైపు పిరుదు కండరానికి బలం చేరగలదని 1995లో వ్లీమింగ్ బృందం మృతదేహాల మీద చేసిన పరీక్షల్లో చూపించింది. నడిచేటప్పుడు కుడిచెయ్యి, ఎడమకాలు కలిసి ముందుకు రావడంలో ఈ ఏటవాలు బంధానికి పాత్ర ఉంది. కుర్చీలో కూర్చునే జీవితంలో వెన్ను మెలితిరిగేది, పక్కకి వంగేది చాలా తక్కువ. అందుకే పిలాటిస్‌లో నాకు ఎక్కువ ఇష్టమైనవి సా (కూర్చుని మెలితిరిగి ఎదుటి పాదం వైపు వంగేది), స్పైన్ ట్విస్ట్ (కూర్చుని మెలితిరిగేది), మెర్మెయిడ్ (కూర్చుని పక్కకి వంగేది), సైడ్ కిక్ (పక్కకి పడుకుని కాలు ఊపేది), లెగ్ సర్కిల్స్ (వెల్లకిలా పడుకుని కాలు గుండ్రంగా తిప్పేది). మీ క్లాసు మొత్తం పొట్ట వ్యాయామాలతోనే గడిచిపోతుంటే అది మీ సమస్యకి సరైన క్లాసు కాదు.

ఊపిరి గురించి క్లాసుల్లో చాలా చెబుతారు, కొంత అనవసరమైన టెన్షన్ కూడా పెడతారు. ఏ కదలికకి పీల్చాలి, దేనికి వదలాలి అని అంత లెక్కలు వేసుకోకండి. పక్కటెముకలు పక్కలకీ వెనక్కీ విచ్చుకునేలా పీల్చండి, కష్టమైన భాగంలో వదలండి, ఎక్కడా బిగబట్టకండి. పొట్ట లోపలి పొర అయిన ట్రాన్స్‌వర్సస్ కండరం నడుము వెనక ఫేసియాతో కలిసే ఉంటుంది. పూర్తిగా ఊపిరి వదిలినప్పుడు అది మెల్లగా బిగుస్తుంది, అంత చాలు. పొట్టని రోజంతా లోపలికి పీల్చి పట్టుకోమని ఎవరైనా చెబితే వినకండి. అలా పట్టి ఉంచడం కూడా నడుము బిగుతుకి ఒక కారణం కావచ్చు.

పిలాటిస్ మీద ఆధారాలు ఎంత అంటారా? నడుము నొప్పి విషయంలో 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన ప్రయోగాలని కలిపి బేరీజు వేసే నివేదిక) 10 ప్రయోగాలు, 510 మందిని పరిశీలించింది. దాదాపు ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే పిలాటిస్ చేసినవాళ్లకి నొప్పి, ఇబ్బంది తగ్గాయి. మిగతా వ్యాయామాల కంటే ఇదే మేలని మాత్రం తేలలేదు. ఇది నన్ను నిరుత్సాహపరచదు. మీకు ఇష్టమై, మానకుండా చేసే వ్యాయామమే మీకు పనిచేస్తుంది. రెండు నెలలుగా మానకుండా వెళ్తున్నారంటే మీకు ఇది నచ్చిందనే అనుకుంటున్నాను.

ఇప్పుడు మీ పొద్దున్నపూట సంగతి. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున మన ఎత్తు సాయంత్రం కంటే సుమారు ఒక శాతం ఎక్కువ. ఆ తేడాలో సగం దాకా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఉబ్బిన డిస్కులతో నడుము బాగా వంచితే వాటి మీదా, చుట్టూ ఉన్న లిగమెంట్ల మీదా ఒత్తిడి చాలా పెరుగుతుంది. 1998లో స్నూక్ బృందం చేసిన ప్రయోగంలో, లేచాక మొదటి గంటల్లో నడుము వంచడం మానేసిన దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవాళ్లకి నొప్పి తగ్గింది. మీరు బిగుతు పోగొట్టుకోవాలని లేవగానే వంగి కాలి వేళ్లు అందుకునే ప్రయత్నం చేస్తుంటే ఆపేయండి. రోల్ అప్ (వెల్లకిలా పడుకుని వెన్నుని చుడుతూ లేచి ముందుకు వంగేది) కూడా ఆ సమయంలో వద్దు. దానికి బదులు పది నిమిషాలు ఇంట్లోనే నడవండి, నిలబడి తుంటిని గుండ్రంగా తిప్పండి, చేతులు, మోకాళ్ల మీద ఉండి వెన్నుని కొంచెం పైకీ కిందకీ మెల్లగా ఆడించండి. మీ క్లాసు ఉదయం తొలి బ్యాచ్‌లో ఉంటే సాయంత్రానికి మార్చుకోవడం మంచిది.

తొడ వెనక బిగుతుని ఒకసారి పరీక్షించి చూడండి. వెల్లకిలా పడుకుని ఒక కాలు తిన్నగా పైకెత్తండి. లాగుడు మొదలైన చోట ఆగి, పాదాన్ని మీ వైపు వంచండి. తర్వాత తల ఎత్తి గడ్డం ఛాతీ వైపు తెండి. తల కదిపితే కాలిలో లాగుడు మారిందంటే, లేదా మోకాలి వెనక సన్నగా జిలజిలమంటోందంటే, అందులో కండరంతో పాటు నడుము నుంచి కాలి వెనగ్గా దిగే సయాటిక్ నరం పాత్ర కూడా ఉంది. నరానికి ఎక్కువసేపు సాగదీసి పట్టుకోవడం నచ్చదు. అలాంటప్పుడు కాలు పైకెత్తి, తొడని రెండు చేతులతో పట్టుకుని, మోకాలిని నెమ్మదిగా చాపుతూ వంచుతూ ఉండండి. లాగుడు వచ్చే చోటికి కొంచెం ముందే వెనక్కి రండి. పది పన్నెండు సార్లు చాలు. ఏళ్ల తరబడి స్ట్రెచింగ్ చేసినా తగ్గని "తొడ వెనక బిగుతు" ఇలా కొన్ని వారాల్లో వదిలినవాళ్లు నా దగ్గర ఉన్నారు. నరం పాత్ర లేకపోతే షోల్డర్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు వంచి పిరుదులు ఎత్తేది) చేసి, మడమలని కొంచెం కొంచెం దూరం జరుపుతూ పిరుదుల్ని నెమ్మదిగా దించడం మంచి ఎక్సెంట్రిక్ పని.

మ్యాట్ మీద చేసే కొన్నింటి తీరు కూడా చెబుతాను. రోల్ అప్‌లో కాళ్లు తిన్నగా ఉంటే మీలాంటివాళ్లకి నడుము కింది భాగం పలకలా ఒక్కసారి లేస్తుంది, ఏ పూసా విడిగా కదలదు. మోకాళ్లు వంచి, తొడల్ని పట్టుకుని, వెనక్కి వెళ్లే సగమే చేయండి. లెగ్ సర్కిల్స్‌లో పెద్ద సున్నా గీయడం గొప్ప కాదు. కటి కదలకుండా ఉన్నంత మేరకే కాలు తిరగాలి, రెండో మోకాలు వంచుకోవచ్చు. సాలో వంగడానికి ముందు పూర్తిగా మెలితిరగండి. స్వాన్‌లో (బోర్లా పడుకుని ఛాతీ ఎత్తేది) నడుముని విరవకుండా ఛాతీ ఎముకని ముందుకు, తర్వాత పైకి తీసుకెళ్లండి. మెర్మెయిడ్‌లో పైన ఉన్న పక్కటెముకల మధ్య ఊపిరి నింపి రెండు మూడు శ్వాసలు ఉండండి. ఆ ఒక్క వ్యాయామం రోజూ చేసినా మీ వెన్నుకి మేలే.

పిలాటిస్ ఇవ్వలేనిది కూడా ఉంది. స్ప్రింగుల బరువు టెండన్లని, ఎముకలని గట్టిపరచడానికి చాలావరకు సరిపోదు. వాటికి అసలైన బరువులు కావాలి. వారానికి రెండుసార్లు మెట్టు అంచు మీద నిలబడి మడమలు ఎత్తి దించడం, బరువు పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం, కూర్చుని లేవడం చేర్చుకోండి. పిలాటిస్ ఒక్కటే అన్నీ చేస్తుందని నేర్పేవాళ్లే చెబితే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే నలభై దాటిన ఆడవాళ్లకి ముఖ్యంగా ఆ బరువులు చాలా అవసరం.

ఎక్కువ నీళ్లు తాగితే ఫేసియాలో నీరు పెరుగుతుందంటారు. దాహం తీరేంత తాగండి. పొరల్లోకి నీటిని తెచ్చేదీ తీసేదీ ప్రధానంగా కదలికే, నొక్కుడూ సడలింపూ. కొల్లాజెన్ పేనడానికి విటమిన్ సి తప్పనిసరి, మామూలు భోజనంలో పళ్లు, కూరగాయలు ఉంటే అది అందుతుంది. రోలర్ వాడాలనిపిస్తే క్లాసుకి ముందు ఒకటి రెండు నిమిషాలు, మెల్లగా. కుర్చీలోంచి అరగంటకోసారి లేవడం మాత్రం వీటన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

జాగ్రత్తలు ఎవరికో కూడా చెప్పాలి. కొందరికి పుట్టుకతోనే కీళ్లు మామూలుకంటే ఎక్కువ వంగుతాయి. బొటనవేలు వెనక్కి వంగి ముంజేతిని తాకడం, మోచేయి, మోకాలు వెనక్కి వంగడం లాంటివి 9 పాయింట్ల బైటన్ స్కోర్‌తో చూస్తారు. వీళ్లకీ ఒళ్లు బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే వదులైన కీలుని కాపాడటానికి కండరాలు పట్టి ఉంచుతాయి. వీళ్లు చివరిదాకా సాగకూడదు, మధ్య పరిధిలో బలం పెంచుకోవాలి. ఎముకలు పలచబడినవాళ్లు వెన్నుని ముందుకు వంచే రోల్ అప్, వీపు మీద దొర్లే రోలింగ్, పడుకుని తల ఎత్తి చేతులు ఆడించే హండ్రెడ్ మానాలి. 1984లో సినాకి, మికెల్సెన్ ప్రచురించిన అధ్యయనంలో ఆస్టియోపోరోసిస్ ఉన్న మహిళల్లో ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా దెబ్బతిన్నాయి. వెన్నుని వెనక్కి నిలబెట్టే వ్యాయామాలు చేసినవాళ్లలో అది 16 శాతం. చిన్న అధ్యయనమే అయినా తేడా చాలా పెద్దది. షుగర్ ఉన్నవాళ్లలో కొల్లాజెన్‌కి చక్కెర అంటుకుని బిగుతు పెరుగుతుంది, ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా వస్తుంది. వాళ్లకి వ్యాయామంతోపాటు షుగర్ అదుపు కూడా ఇందులో భాగమే.

మీ విషయంలో ఒకటి తప్పకుండా గమనించాలి. పొద్దున బిగుతు అరగంటకి మించి ఉంటూ, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గుతూ, రాత్రి రెండో సగంలో నొప్పితో మెలకువ వస్తుంటే, అందులోనూ ఇది 45 ఏళ్లలోపే మొదలై మూడు నెలలు దాటితే, వాపుతో కూడిన వెన్ను కీళ్ల జబ్బు కావచ్చు. దానికి రుమటాలజిస్టుని (కీళ్లవాతం డాక్టరుని) కలవాలి, మందులు ఉన్నాయి. తొడల మధ్య తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం, కాలు బలహీనపడటం ఉంటే వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వంగి కాలివేళ్లు అందాయా లేదా అనేది కొలతగా పెట్టుకోకండి. పొద్దున లేచాక ఒళ్లు మామూలు కావడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది, చేతుల సాయం లేకుండా నేల మీద నుంచి లేవగలుగుతున్నారా, కూర్చునే వెనక్కి తిరిగి చూసినప్పుడు రెండు వైపులా సమానంగా తిరుగుతోందా అనేవి వారానికోసారి రాసుకోండి. ఇప్పటి నుంచి 12 వారాలు చూడండి. ఆ బిగుతు పొద్దున ఎంతసేపు ఉంటోంది, తల ఎత్తినప్పుడు కాలిలో లాగుడు మారుతోందా అనే రెండూ ఇక్కడ రాస్తే, బరువులు ఎలా పెంచుకోవాలో మీకు సరిపోయేలా చెబుతాను.